రెండో తాళంచెవి

వనపర్తిలో నేను కిరాయికి ఉన్న గదికి రెండు తాళంచెవులు ఉండేవి. ఒకటి నా సంచీలో ఉండేది. రెండోది కింది వాటాలో, ఇంటావిడ దేవుడి గూట్లో, కుంకుమ భరిణె పక్కన ఉండేది. 2018 ఎండాకాలంలో ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి తలుపు తీసేసరికి, పొద్దున తీగ మీద ఆరేసిపోయిన బట్టలు మంచం మీద మడతలుపెట్టి ఉన్నాయి, లోపలి బట్టలతో సహా. బల్ల మీద బోర్లించి పోయిన పుస్తకం మూసి ఉంది. దిండు కింద ఉండాల్సిన నా డైరీ ఆ పుస్తకం మీద, అంచులు సరిచేసి, పద్ధతిగా పెట్టి ఉంది.

కిందికి దిగి వెళ్ళాను. "ఏం లేదు బిడ్డా, మోటరేసినం. నీ రూముల నల్లా ఇప్పిపెట్టి పోయినవేమోనని సూడొచ్చిన. రూమంత ఆగమాగం ఉండె. మా బిడ్డ రూము లెక్కనే అనుకోని సదిరిన," అన్నదావిడ. ఆ గొంతులో కపటమేమీ లేదు. ఆవిడ నా డైరీ చదివిందో లేదో ఈనాటికీ నాకు తెలియదు. ఆవిడకు చదువు వచ్చో రాదో కూడా నేనెప్పుడూ అడగలేదు. "మంచిది పెద్దమ్మా" అనేసి పైకి వచ్చాను. ఆ రాత్రి డైరీ రాయలేదు. ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ మళ్ళీ రాయలేదు.

అప్పటికి ఏడాది ముందే తెలుగు స్త్రీల కథల్లో ఇల్లు అనే అంశం మీద సిద్ధాంత వ్యాసం సమర్పించాను. మూడువందల పేజీలు దాటిన ఆ వ్యాసంలో వంటిల్లు ఉంది, పడకగది ఉంది, పుట్టిల్లు, అత్తిల్లు, వాకిలి, పెరడు ఉన్నాయి. కిరాయి ఇల్లు లేదు. అధ్యాయం సంగతి అటుంచి, ఒక్క పేరా లేదు. ఆ వ్యాసం రాసిన ఐదేళ్ళూ నేను హైదరాబాదులో ఒక కిరాయి గది నుంచి ఇంకో కిరాయి గదికి అట్టపెట్టెలు మోసుకుంటూ తిరిగినదాన్నే. నా బతుకులో రోజూ ఉన్నది నా విమర్శలోకి ఎందుకు రాలేదు? పర్యవేక్షకులు అడగలేదు, పరీక్షకులు అడగలేదు. వనపర్తి పెద్దమ్మ నా బట్టలు మడతపెట్టకపోతే నేనూ అడిగి ఉండేదాన్ని కాదు.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథను మనలో ఎంతమంది పాఠం చెప్పి ఉంటామో లెక్కలేదు. ఇల్లు అలుకుతూ, అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఆ గృహిణికి చివరికి చిన్ననాటి స్నేహితురాలు శారద అని పేరు గుర్తుచేస్తుంది. విమల 'వంటిల్లు' కవిత వచ్చాక వంటగదిని మామూలుగా చూడడం మనకు సాధ్యం కాలేదు. ఈ రెండింటి గురించీ నా వ్యాసంలో చెరో ముప్పై పేజీలు రాశాను. ఇల్లు భర్తది, చాకిరీ భార్యది అన్న చట్రంలోనే రాశాను. ఆ చట్రం తప్పని ఇప్పుడూ అనను. కానీ అందులో పాత్రలు ఇద్దరే. ఆ ఇంటికి ఓనరు ఉండవచ్చునని, నెల మొదటివారంలో తలుపు తట్టి గోడకు కొట్టిన మేకులు లెక్కపెట్టే మూడో మనిషి ఉండవచ్చునని మనం అనుకోలేదు. ఇంటిని మనం ప్రతీకగా చదివాం. ప్రతీకకు ఎవరూ కిరాయి కట్టరు కదా.

చలం 'మైదానం' విషయంలో కూడా ఇదే జరిగింది. 1927 నుంచి ఇప్పటిదాకా రాజేశ్వరి ప్లీడరు మొగుణ్ణి వదిలి అమీర్ వెంట వెళ్ళడం మీద బోలెడు చర్చ చేశాం. నాలుగు గోడల్లోంచి బయలు మీదికి వెళ్ళిందని కొందరు మెచ్చుకున్నారు, ఆ బయలు కూడా మగవాడి కోరిక గీసిన బయలేనని స్త్రీవాదులు కొందరు సరిగ్గానే అభ్యంతరపెట్టారు. ఆ భూమి ఎవరిదని మాత్రం పాఠకులుగా మనం అడగలేదు. తలుపు లేనిచోటుకు వెళ్ళడమే స్వేచ్ఛ అని రాసింది ఒక మగ రచయిత. తలుపు కావాలని, దానికి గడియ కావాలని రాసింది వర్జీనియా వూల్ఫ్. ఆ రెండు పుస్తకాలకూ మధ్య రెండేళ్ళే తేడా. 1928లో కేంబ్రిడ్జి స్త్రీల కళాశాలల్లో చేసిన ప్రసంగాలను వూల్ఫ్ మరుసటేడు పుస్తకం చేసింది. ఏడాదికి 500 పౌన్లు, తాళం వేసుకోగల గది అని ఆమె అడిగిన రెండింటినీ మనం ఎన్ని వ్యాసాల్లో వాడుకున్నామో! ఆ 500 పౌన్లు ఆమెకు ఒక మేనత్త వారసత్వంగా వచ్చాయని చెప్పుకుంటుంది. అతిథి అధ్యాపకురాలిగా గంటల లెక్కన జీతం తీసుకునే నాకు మేనత్తలు ఉన్నారు గానీ వాళ్ళకు ఆస్తులు లేవు. గది దొరికింది, తాళం కూడా దొరికింది. దానికి రెండో చెవి ఉంటుందనీ, అది వేరొకరి దేవుడి గూట్లో ఉంటుందనీ ఆ పుస్తకం నాకు చెప్పలేదు. తప్పు వూల్ఫ్‌ది కాదు. ఆమె వాక్యాన్ని మన ఊళ్ళోకి తెచ్చుకున్నప్పుడు ఆ గది ఎవరి పేరు మీద ఉందో చూసుకోవలసింది మనం.

ఆ సాయంత్రం పెద్దమ్మకు నేనేం చెప్పి ఉండాల్సింది? "నా ప్రైవసీకి భంగం కలిగింది" అని చెప్పడానికి నా దగ్గర తెలుగు లేదు. పత్రికలు గోప్యత అంటాయి. దాచుకోవలసిందేదో ఉన్నప్పుడే గోప్యత కావాలి అన్న వాసన ఆ మాటలోనే ఉంది. "దాసుకునేటియి ఏమున్నయ్ బిడ్డా నీకు?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏకాంతం అంటే దేవుడికి జరిగే సేవ, లేదా కొత్త దంపతులకు పెద్దలు ఇచ్చే అవకాశం. ఒంటరి ఆడదానికి ఏకాంతం అంటే వినేవాళ్ళ కనుబొమలు పైకి లేస్తాయి. చాటు అన్న మాట ఉంది. తండ్రి చాటు బిడ్డ, మొగుడి చాటు ఆడది. అంటే ఆడదానికి మరుగు ఇచ్చేది మగవాడి వీపు. ఆ వీపు వెనక లేకుండా ఆమె ఏదైనా 'చాటుగా' చేస్తే అది దొంగతనమో రంకో అవుతుంది. ఇక మిగిలింది మరుగు. మా ఊరు కల్వకుర్తి వైపు. చిన్నప్పుడు మరుగు అంటే తెల్లవారకముందు, పొద్దుగూకిన తర్వాత చెరువుకట్ట కింద తుమ్మచెట్ల వెనక దొరికేది. ఇంట్లో ఒకే ఒక్క గదికి ఆ మాట పేరుగా దక్కింది, అది మరుగుదొడ్డి. అది కూడా మా ఇంట్లో నేను పదో తరగతికి వచ్చాకే కట్టారు.

ఇన్ని మాటలు తిరగేసినా తనకోసం, తన ఇష్టంతో, ఎవరి అనుమతీ లేకుండా తలుపేసుకునే ఆడమనిషికి సరిపోయే మాట నాకు దొరకలేదు. మాట లేకపోవడం వల్ల కోరిక లేదని కాదు. ఆ కోరికను పెద్దమ్మ ముందు పెట్టడానికి సభ్యమైన దారి లేదు, అంతే.

పెద్దమ్మ దగ్గర మాత్రం మాట సిద్ధంగా ఉంది. బిడ్డ లెక్క. ఈ రెండు మాటల మీద నేను చాలా రోజులు ఆలోచించాను. కిరాయి తీసుకునేటప్పుడు నేను బిడ్డను కాను. అడ్వాన్సు రెండు నెలలది ముందే లెక్కపెట్టుకున్నారు, కరెంటుకు వేరే మీటరు పెట్టారు, సున్నానికి ఒక నెల కిరాయి పట్టుకుంటామని ముందే చెప్పారు. గదిలోకి వచ్చేటప్పుడు మాత్రం బిడ్డనయ్యాను. బిడ్డ గదిలోకి రావడానికి తల్లి ముందుగా చెప్పాలా? కుదుర్చుకున్న మాటల్లో ఎక్కడా లేని హక్కు చుట్టరికంలోంచి వచ్చింది. నా పక్క గదిలో పాలిటెక్నిక్ చదివే ఇద్దరు పిల్లగాళ్ళుండేవాళ్ళు. వాళ్ళ గదికీ రెండో చెవి ఉంది. వాళ్ళ గది మా గదికన్నా వందరెట్లు ఆగమాగంగా ఉండేది. దాన్ని సదరడానికి ఎవరూ పోలేదు. వాళ్ళనూ ఆవిడ బిడ్డా అనే పిలిచేది. మగబిడ్డల గదిలోకి పోయి చూడాలని మాత్రం అనిపించదు కాబోలు.

మన ప్రాంతపు రచనలో ఈ చుట్టరికపు గొంతును పట్టుకున్నవాళ్ళలో నాకు మొదట గుర్తొచ్చేది పాకాల యశోదారెడ్డి. ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లిలో 1929లో పుట్టి, డాక్టరేట్ చేసి, హైదరాబాదులో ఆడపిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. పాలమూరు ఆడవాళ్ళు మాట్లాడే తెలుగును ఎలాంటి సంజాయిషీ లేకుండా 'మా వూరి ముచ్చట్లు'లో కథకు భాష చేశారు. నాకు ఆ గొంతంటే ప్రాణం. నా సిద్ధాంత వ్యాసంలో ఆమెకు సరైన చోటు ఇవ్వకపోవడం ఇంకో తప్పు, దాని గురించి వేరే రాయాలి. ఇప్పుడు తిరిగి చదువుతుంటే నన్ను ఆపింది పుస్తకం పేరులోని ముచ్చట అన్న మాట. తలుపు తీసి ఉంటేనే ముచ్చట సాధ్యం. పక్కింటామె చెప్పకుండా వాకిట్లోకి వచ్చి కూచుంటుంది, పొయ్యి మీద ఏముందో చూస్తుంది, కోడలు ఎందుకు ముభావంగా ఉందో అడుగుతుంది. కథ పుట్టేది అక్కడే. ఆడవాళ్ళకు లోకం తెలిసింది కూడా ఆ తీసి ఉన్న తలుపుల్లోంచే. మొగుడు కొడితే పరుగెత్తుకొచ్చేది కూడా చెప్పకుండా వచ్చే ఆ మనిషే. కాబట్టి తలుపు వేసుకునే హక్కు అని నేను అంటున్నప్పుడు యశోదారెడ్డి గారి ముచ్చటకు ఎదురు మాట్లాడుతున్నానన్న సంగతి నాకు తెలుసు.

కానీ ఆ తీసి ఉన్న తలుపులన్నీ ఒక్కలాంటివి కావు. గడీ తలుపు వేరు, గుడిసె తలుపు వేరు. గద్వాల, వనపర్తి రెండూ సంస్థానాల రాజధానులు. కోట లోపలి స్త్రీల కోసం పరదాలున్నాయి. తెలంగాణలో దొరల ఇళ్ళకు పెళ్ళికూతురి వెంట అరణంగా వెళ్ళిన ఆడబాపలకు ఆ పరదా ఏ వైపున ఉందో మనకు తెలుసు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివిన తరానికి ఇది కొత్తగా చెప్పనవసరం లేదు. ఎవరి గుమ్మం ఎవరు దాటవచ్చు అన్నది మా జిల్లాల్లో ఎప్పుడూ కులమూ భూమీ కలిసి తేల్చిన విషయమే. ఇప్పటి ఓనరు ఆ దొర కాదు. ఎక్కువ భాగం రిటైరైన టీచర్లు, దుబాయి నుంచి డబ్బు పంపే కొడుకులున్న తల్లులు, బియ్యం వ్యాపారులు. 2016 అక్టోబరు 11న మూడు ఊళ్ళూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో మెడికల్ కాలేజీలు తెరిచారు, ప్రతి ఇంటి మీదా ఒక రూము లేచింది. ఆ రూముల్లోకి ఒంటరిగా వచ్చిన ఉద్యోగినులు, నర్సులు, విద్యార్థినులు ఈ ఊళ్ళకు కొత్త. వాళ్ళను ఏమని పిలవాలో తెలియక ఊరు బిడ్డా అని పిలుస్తోంది.

చట్టం ఏమంటుందో చూద్దామనిపించింది. సాహిత్యం చదువుకున్నదాన్ని కనక దాన్నీ ఒక పాఠంగానే చదివాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ ఉంది. కిరాయి కడుతూ షరతులు పాటిస్తున్నంత కాలం అడ్డంకి లేకుండా ఇంటిని అనుభవించే హక్కు కిరాయిదారుకు ఉందని అది ఒకచోట అంటుంది. మరోచోట, సహేతుకమైన వేళల్లో ఓనరు గానీ అతని మనుషులు గానీ లోపలికి వచ్చి ఇల్లు ఎలా ఉందో చూసుకోనివ్వాలని అంటుంది. సహేతుకమైన వేళ ఏదో చెప్పదు. ముందుగా కబురు చేయాలనీ చెప్పదు. అన్నిటికన్నా నన్ను ఆపేసింది ఆ సెక్షన్ మొదటి మాటలు. ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ ఇందుకు భిన్నంగా లేనప్పుడే ఈ హక్కులు వర్తిస్తాయట. మా ఊళ్ళలో కిరాయికి కాగితం ఎవరు రాసుకుంటారు? నోటిమాట, అడ్వాన్సు, తాళంచెవి. కాగితం లేనిచోట ఆచారం ఏమిటి? బిడ్డ లెక్క. నూట నలభై ఏళ్ళ కిందటి చట్టం పెద్దమ్మ కోసం ఒక కిటికీ తెరిచే పెట్టింది.

అక్రమ ప్రవేశం నేరమే. పాత శిక్షాస్మృతిలోనూ, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నేరం ఉంది. అయితే వచ్చిన మనిషికి నేరం చేయాలనో, భయపెట్టాలనో, అవమానించాలనో, చికాకు పెట్టాలనో ఉద్దేశం ఉండాలి. నా బట్టలు మడతపెట్టిన పెద్దమ్మకు ఆ ఉద్దేశం ఎక్కడిది? రెండు రాష్ట్రాలకూ ఉమ్మడిగా వచ్చిన 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం కిరాయి ఎంత, ఖాళీ ఎప్పుడు చేయించాలి అన్నవాటి చుట్టూనే ప్రధానంగా తిరుగుతుంది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం మాత్రం ఓనరు లోపలికి రావడానికి కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా గానీ ఎలక్ట్రానిక్ మాధ్యమం ద్వారా గానీ తెలపాలని, ఎందుకు వస్తున్నారో, ఏ రోజు ఎన్ని గంటలకో చెప్పాలని, సూర్యోదయానికి ముందూ సూర్యాస్తమయం తర్వాతా రాకూడదని రాసింది. వరద, నిప్పు లాంటి ఆపదలకు మినహాయింపు ఇచ్చింది. రాష్ట్రాలు స్వీకరిస్తేనే అది చట్టమవుతుంది. అయినా ఆ వాక్యాలు చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేనిది. చుట్టరికం ఊసే లేని వాక్యాలవి. అమ్మా, అయ్యా, బిడ్డా లేవు. ఓనరు, కిరాయిదారు, గంట, కారణం, అంతే. ఇంత పొడిగా ఉన్న భాషను ప్రేమిస్తానని నేనెన్నడూ అనుకోలేదు.

అయితే స్త్రీవాదులుగా ప్రైవసీ అన్న మాటకు సంబరపడే అలవాటు మనకు లేదు. లేకపోవడానికి కారణముంది. 'ఇది మా ఇంటి విషయం' అన్న వాక్యం కిందే ఆడవాళ్ళు దెబ్బలు తిన్నారు. వ్యక్తిగతం కూడా రాజకీయమే అని మనం అన్నది ఆ తలుపు బద్దలుకొట్టడానికే. 2005 గృహహింస చట్టం వచ్చింది కూడా ఆ తలుపు దాటే. ఆ చట్టం భార్య నివసించే ఉమ్మడి గృహం సొంతదైనా కిరాయిదైనా ఆమెను వెళ్ళగొట్టకూడదంటుంది. అంటే మొగుడితో ఉన్న ఆడదానికి కిరాయి ఇంట్లో నిలబడే చోటు చట్టం ఇచ్చింది, మనం పోరాడితేనే ఇచ్చింది. మరి మొగుడే లేని ఆడది తలుపేసుకుంటానంటే ఆమె తరఫున మనం రాసినదేమిటి?

ఈ చిక్కు మన తెలుగు నేలమీదే ఒకసారి కోర్టు దాకా వచ్చింది. 1983లో టి. సరిత కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి, భార్యను కాపురానికి పంపమని డిక్రీ ఇచ్చే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను కొట్టేశారు. తన శరీరం ఎవరికి ఎప్పుడు దగ్గర కావాలో తేల్చుకునే హక్కు స్త్రీది, అందులో రాజ్యం చెయ్యిపెట్టకూడదు అన్నది ఆ తీర్పు సారాంశం. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ప్రైవసీని ప్రాథమిక హక్కుగా ఒప్పుకున్నప్పుడు, ఇంటి చాటున జరిగే హింసకు ఆ మాట ముసుగు కాగలదన్న స్త్రీవాద విమర్శను కూడా తీర్పులో ప్రస్తావించారు. సరిత కేసును నేను ఇక్కడ గుర్తుచేయడానికి కారణం ఇదీ: అందులో ప్రైవసీ ఇంటిది కాదు, ఇంట్లో ఉన్న మనిషిది. మొగుడి నుంచి కూడా ఆమెను కాపాడేది. మన విమర్శ ఈ తేడాను అప్పుడే అందుకొని ఉంటే ఇల్లు అన్న మాటను ఇంకోలా చదివేవాళ్ళం అనుకుంటాను. నా వ్యాసంలో ఆ తీర్పు లేదు. అది లా కాలేజీ విషయమని వదిలేశాను.

వనపర్తి తర్వాత నాకు పని గద్వాలలో దొరికింది. కర్నూలు గాలి తగిలే ఊరు కనక అక్కడ కిరాయితోపాటు బాడుగ అన్న మాటా వినపడుతుంది. నేనున్న వీధిలో మగ్గాలుండేవి. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే గద్వాల చీర గురించి మనలో చాలామందికి తెలుసు, పట్టుకుని చూసి ఉంటాం. ఆ మగ్గం నేలలో గుంట తవ్వి పెట్టేది. కిరాయి ఇంట్లో గుంట తవ్వడానికి ఓనరు ఒప్పుకోవాలి. మా ఎదురింటామె కుటుంబం మూడు ఇళ్ళు తిరిగాక ఒకాయన ఒప్పుకున్నాడట. ఒప్పుకున్నాడు కనక ఎప్పుడైనా వచ్చి గుంట పక్కన గోడకు చెమ్మ ఎక్కిందా అని చూసుకుంటాడు. నూలూ పట్టూ ఇచ్చిన సావుకారి పని ఎంతదాకా వచ్చిందని చూసుకోవడానికి వస్తాడు. ఉన్నదొకటే పెద్ద గది, సగం మగ్గానిది. ఆమె మగ్గానికి కండెలు చుడుతుంది, వంట చేస్తుంది, ఇద్దరు ఆడపిల్లల్ని అక్కడే పెంచింది. ప్రైవసీ గురించి నేనేదో వ్యాసం రాస్తున్నానని చెబితే నవ్వింది. "మగ్గమున్న కాడ తలుపెక్కడిది మేడం? నేసే మనిషికి ఎల్తురు గావాల," అంది. పిల్లలు బట్టలు మార్చుకోవాలంటే మగ్గానికి అడ్డంగా ఒక పాత చీర కడతారు. అది గద్వాల చీర కాదు.

నేను గదికి తాళం గురించి బాధపడుతున్నాను. ఆమె ఇంట్లో పని కూడా ఇల్లే, ఇల్లు కూడా పనే. ఓనరు, సావుకారి ఇద్దరికీ అది తమ ఆస్తిని చూసుకునే చోటు. 24 గంటల నోటీసు ఆమెకు ఎలా వర్తిస్తుంది? సావుకారి వస్తే ఓనరు వచ్చినట్టు కాదు కదా. మధ్యతరగతి ఒంటరి ఆడదాని గదిని కొలమానంగా పెట్టుకుని నేను రాస్తున్నదంతా ఆమె గుమ్మం దగ్గర ఆగిపోతుంది. దీనికి నా దగ్గర సమాధానం లేదు. కానీ అడ్డంగా కట్టిన ఆ పాత చీర గురించి తెలుగులో కథ వచ్చిందేమో వెతికాను. నాకు దొరకలేదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

గద్వాల నుంచి 2022లో నాగర్‌కర్నూల్ వచ్చాను. టు లెట్ బోర్డులు బాగానే ఉన్నాయి. "ఫ్యామిలీకే" అని కొన్నిటి మీద. ఫోను చేస్తే మొదటి ప్రశ్న "ఒక్కదానివేనా?", రెండోది "మీరేమోళ్ళు?" కులం చెప్పాక "ఇప్పుడే వేరేటోళ్ళు అడ్వాన్సు ఇచ్చిన్రమ్మా" అన్నవాళ్ళు ఇద్దరు. మాంసం తింటారా అన్నవాళ్ళు ఒకరు. స్కైబాబ 'వెజిటేరియన్స్ ఓన్లీ' కథను నేను అంతకుముందు మైనారిటీ సాహిత్యం పేపరులో పాఠంగా చెప్పాను. ఒక ముస్లిం కుటుంబం కిరాయి ఇంటి కోసం తిరిగే కథ. దాన్ని మతం గురించిన కథగా చెప్పాను, అది మతం గురించినదే. కానీ ఆ రోజుల్లో మళ్ళీ చదివితే ఇంకో సంగతి తెలిసింది. లోపలికి రానివ్వకపోవడమూ, రానిచ్చాక చెప్పకుండా లోపలికి రావడమూ ఒకే అధికారానికి రెండు వైపులు. మాంసం తిననని మాట తీసుకుని ఇల్లిచ్చిన మనిషి ఆ మాట నిలబడుతోందో లేదో చూసుకోవడానికి వంటగదిలోకి రాకుండా ఎలా ఉంటుంది? వాసన చూడ్డానికి రావలసిందే. తెలుగులో కిరాయి ఇంటిని కథావస్తువుగా సూటిగా పట్టుకున్నవాళ్ళు ముస్లిం, దళిత రచయితలు కావడం యాదృచ్ఛికం కాదు. వాళ్ళకు ఇల్లు ప్రతీక కాకముందే ప్రశ్నాపత్రం అయింది. ఎ. రేవతి ఆత్మకథను 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెచ్చినది 'ఇల్లలకగానే' రాసిన సత్యవతి గారే. 2019 సాహిత్య అకాదెమీ అనువాద పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది. ఇల్లు అలికే శారద నుంచి ఏ ఇంట్లోనూ నిలవనివ్వని రేవతి దాకా ఆవిడ నడిచారు. ఆ దారి మీద మన విమర్శ వెనకే ఉండిపోయింది.

చివరికి ఇల్లు దొరికింది. కులం అడగని ఇల్లు, ముందే కోడి వండుకుంటానని చెబితే "వండితె మాకూ ఓ గిన్నె పంపు" అన్న ఇంటామె. కాగితం రాసుకుందాం అన్నాను. ముందుగా ఫోను చేసి రావాలన్న మాటను నేనే రాసి తెచ్చాను. ఇంటామె కళ్ళద్దాలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. "మేమేమన్న దొంగలమా?" అంది. కాదన్నాను. చాలాసేపటికి సంతకం పెట్టింది. తర్వాత రెండు నెలలు నన్ను బిడ్డా అని పిలవలేదు, మేడం అంది. నేను కోరుకున్నది అదే అయినా ఆ రెండు నెలలూ నాకు బాగా లేదు.

ఆ చలికాలంలో డెంగీ వచ్చింది. రెండో రోజు నుంచి లేవలేకపోయాను, ఫోను ఎక్కడో మంచం కింద మోగి మోగి ఆగిపోయింది. మూడోరోజు పొద్దున తలుపు తెరుచుకుంది. రెండో తాళంచెవితో వచ్చింది ఇంటామె. నాలుగుసార్లు ఫోను చేసినదట, కాగితంలో రాసుకున్నట్టే. నన్ను ఆటోలో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయింది, ఐదు రోజులు జావ కాచి తెచ్చింది, నా బట్టలు ఉతికి మడతపెట్టింది. లోపలి బట్టలతో సహా. వరద, నిప్పు అని నమూనా చట్టం రాసిన మినహాయింపుల్లో జ్వరం లేదు.

ఈ సంఘటన నా వాదనను కూల్చేసిందని నా స్నేహితురాలు ఒకామె అంటుంది. నాకు అలా అనిపించదు. ఆమె నాలుగుసార్లు ఫోను చేశాక వచ్చింది. వనపర్తి పెద్దమ్మ నల్లా కోసం వచ్చింది. ఈ రెండు రాకలకూ తేడా తెలిసేది తలుపు లోపల ఉన్న మనిషికే. ఆ తేడాను చెప్పగలిగేది చట్టమా, కథా అంటే నేను కథ వైపే ఉంటాను, నా వృత్తి అది. కానీ ఆ కథ ఇంకా రాలేదు. వచ్చినవి మనం సరిగా చదవలేదు.

జ్వరం తగ్గాక బజారుకు పోయి ఒక గడియ కొన్నాను, లోపలి వైపు బిగించడానికి. స్క్రూడ్రైవర్ కోసం కిందికి వెళితే ఇంటామె డబ్బా అంతా వెతికి తీసి ఇచ్చి, నా వెనకే మెట్లెక్కి వచ్చింది. గుమ్మం బయటే నిలబడి అడిగింది. "నువ్వు లోపటున్నప్పుడే గద బిడ్డా అది పడేది. నువ్వు లేనప్పుడు?" స్క్రూలు నాలుగింటిలో ఒకటి వంకర పోయింది. దాన్ని సరిచేస్తూ, ఆలోచిస్తున్నానని చెప్పాను. ఆవిడ చేతిలో రెండో తాళంచెవి ఉంది. దాన్ని ఇస్తుందా అని చూశాను. కొంగుకు ముడేసుకుంది.